సిపాయి ఇల్లు వెతికిన మా ఓనరమ్మ

మా ఓనరమ్మ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను అమీర్‌పేటలో క్లాసు చెబుతున్నాను. ముందురోజు సాయంత్రమే పంజాగుట్ట ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చాను. నీళ్ల మోటారు ఎవరు వేస్తున్నారని అడిగారు, నేను చెప్పిన జవాబు నమ్మలేదు. ఫోను పెట్టేసి, ఇవాళ్టికి క్లాసు లేదు, మా ఇంటి ఓనరు పోయారు అని పిల్లలకు చెప్పాను. ఇంటి ఓనరు పోతే కళ్లు తుడుచుకునే కిరాయిదారును వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు.

దహనానికి సిరిసిల్ల నుంచి ఒక వ్యాను నిండా జనం వచ్చారు. ముసలివాళ్లు, కోడళ్లు, చంకల్లో పిల్లలు. వీళ్లెవరని ఓనరమ్మ చుట్టాలు నన్ను అడిగారు. ట్రాఫిక్ హోరులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను.

ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు ఓనరమ్మ. బిల్డింగులో అందరం ఆవిడను అలాగే పిలిచేవాళ్లం. మెట్ల మీద లైటు ఊరికే వెలుగుతుంటే లేచొచ్చి ఆర్పేదాకా ఆవిడకు నిద్ర పట్టేది కాదు. గది చూడ్డానికి వెళ్లిన రోజే నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది. కిరాయి ఎంతో చెప్పకముందే మీ ఇంటిపేరేంది, మీ తాతలు ఏం పని చేసేటోళ్లు అని మొదలుపెట్టారు. కులం చూసి ఇల్లిచ్చే రకం అనుకుని, జవాబు చెప్పకుండా మెట్లు దిగబోయాను. "తాళంచెవి తీస్కపో సారూ. చెప్పకుంటే మానె" అన్నారు వెనక నుంచి.

తరవాత అర్థమైంది, ఆవిడ అందరినీ అడుగుతారు, అందరికీ ఇల్లిస్తారు. కూరగాయల బండివాడిని, కరెంటు మీటరు చూసేవాడిని, కోచింగుల కోసం వచ్చి హాస్టళ్లలో దిగిన పిల్లల్ని, ఎవరినీ వదిలేవారు కాదు. కరీంనగర్ వైపు సాలెవాళ్లని తెలిస్తే ఇక కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ అడిగేవారు. అమ్మగారూ, ఇది మర్యాద కాదండీ అని నేను ఒకసారి నీతులు చెప్పాను. "అడుగుడుకు నాకేం సిగ్గు? పట్టువట్టి అడిగేటోళ్లు లేకనే మనుషులు తప్పిపోతరు సారూ" అన్నారు. ఆరోజు టీ పోసి అసలు కథ చెప్పారు.

ఆవిడ నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు మిలిటరీ ఆస్పత్రిలో రోగుల్ని చూసుకునే పని చేశాడు. అక్కడ ఒక తెలుగు సిపాయి ఆయన చేతుల్లో పోయాడు. పేరు మల్లేశం, తండ్రి రాజయ్య, కరీంనగర్ జిల్లాలో మగ్గం నేసే ఇల్లు. ఊరి పేరు చెప్పేలోపే తెలివి తప్పాడు. మా ఇంట్ల చెప్పు అన్నది అతని ఆఖరి మాట. చెబుతానని ఈయన మాటిచ్చాడు. తిరిగొచ్చాక ఉద్యోగానికి సెలవు దొరికినప్పుడల్లా సాలెవాడలు తిరిగాడు. ఆ జిల్లాలో రాజయ్య, మల్లేశం లేని వీధి ఉండదు. ఇల్లు దొరక్కుండానే పోయాడు. మాట తప్పినోడి లెక్కనే పోతున్న బిడ్డా అని చివరి రోజుల్లో అన్నాడట. ఆ మాట తన తండ్రి మీద నుంచి తీసేయడమే ఆవిడకు కావలసింది.

నేను కంప్యూటర్ సారును కనక నన్నూ ఇందులోకి లాగారు. యుద్ధంలో చనిపోయినవాళ్ల జాబితాలు ఇంటర్నెట్‌లో ఉంటాయి. వెతికి వెతికి మల్లేశాన్ని పట్టుకున్నాను. తండ్రి రాజయ్య, ఊరు అన్న చోట హైదరాబాదు సంస్థానం. అంతే. నేను గొప్పగా తెచ్చిచ్చిన కాగితం చూసి "గింతేనా మీ కంప్యూటరు?" అన్నారు.

ఆవిడ నమ్మకం వేరే దారి మీద ఉంది. సాలెవాళ్లకు కూనపులివాళ్లని ఉంటారు. కొన్నేళ్లకోసారి వాళ్ల ఇళ్లకు వచ్చి, పటం విప్పి పురాణం చెప్పి, ఆ ఇంటి గోత్రం, వంశం, పోయిన పెద్దల పేర్లు వరసగా చదివి, ఇచ్చింది తీసుకుని వెళతారు. అలాంటి పెద్దమనిషి ఒకాయన, కొడుకు సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనిలో చేరితే వచ్చి అక్కడే ఉంటున్నాడు. ఓనరమ్మ ఆయన్ను ఎలా పట్టారో నాకు తెలియదు. కొన్ని వంశాలు ఆయనకు నోటికి వచ్చు, మిగతావి తాతల నాటి పుస్తకాల్లో ఉన్నాయి. చాలా ఆదివారాలు నా స్కూటర్ మీద అక్కడికే. ఆయన పోయిన మల్లేశాలందరినీ చదివాడు. కలరాతో పోయినవాడు, పాము కరిచి పోయినవాడు, తాగి పోయినవాడు అందరూ ఉన్నారు. యుద్ధంలో పోయినవాడు లేడు.

అయినా ఓనరమ్మ పట్టు విడవలేదు. పెద్దల అమావాస్య, అదే పెత్తరమాస నాడు, పోయినవాళ్ల పేరు చెప్పి పూజ చేయించే అయ్యగారికి బియ్యం ఇవ్వని ఇల్లు ఉండదు, ఆ పేర్లే కూనపులివాళ్లకూ చెబుతారు, కాబట్టి ఎక్కడో ఒకచోట ఉండి తీరాలని ఆవిడ లెక్క. తెలిసిన ప్రతి సాలె ఇంట్లోనూ అదే అడిగారు. మీరు బియ్యం ఇచ్చే పేర్లలో మిలిటరీలో పోయిన మల్లేశం ఉన్నాడా అని. ఎవరూ ఉన్నాడనలేదు.

ఒక పెత్తరమాస నాడు ఓనరమ్మ తన పెద్దలకు బియ్యం ఇస్తున్నారు. కింద వాటాలో ఇడ్లీ బండి పెట్టుకున్నామె కూడా తన పళ్లెం పట్టుకుని వచ్చింది. ఆమె భర్త దుబాయి వెళ్లాడు, కొన్నేళ్లుగా కబురు లేదు. ఆమె అత్తమామల పేర్లు చెప్పి ఊరుకుంది. అయ్యగారు ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూశారు. ఆమె నుదుటి బొట్టు మీద వేలు ఆనించి అంది:

"ఆయన పేర నేనెట్లిస్త? రాలేదు, గంతే. పోయిండని నా నోటితోని ఎందుకంట?"

ఓనరమ్మ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. తరవాత దాన్ని అయ్యగారి ముందు పెట్టేసి నా వైపు తిరిగారు. బండి తియ్యి సారూ, సనత్‌నగర్ పోవాలె అన్నారు. చీర కూడా మార్చుకోలేదు.

కూనపులి పెద్దమనిషి భోజనానికి కూర్చోబోతున్నాడు. ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడి, ఇన్నేళ్లూ పోయినవాళ్లనే చదివించాను, ఇప్పుడు ఉన్నవాళ్లను చదువు అన్నారు. పెళ్లి కానివాడు, పిల్లలు లేనివాడు, మీరు వెళ్లినప్పుడు ఎన్నడూ ఇంట్లో కనబడనివాడు ఎవడు అని అడిగారు. ఆయన కంచం పక్కకు జరిపాడు.

"సిరిసిల్లల ఒక ఇల్లుందమ్మా. ఆ ఇంట్ల మల్లేశం ముచ్చట తియ్యొద్దని మా నాయిన నాకు చెప్పిండు. ఎప్పుడు పోయినా ఆడోళ్లు ఉన్నడనే అంటరు. మేం ఉన్నోళ్లలనే చదువుతం. ఇప్పటికి నూరేండ్లు దాటి ఉండాలె" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ వారమే ఆయన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాం. దారంతా ఓనరమ్మ గుప్పెట్లో చెంగు నలుపుతూనే ఉన్నారు. ఎనభై ఏళ్లుగా బతికున్నాడంటున్న మనిషిని పోయాడని చెప్పడానికి నేనెవరు సారూ అని ఒకసారి అడిగారు. ఎన్నడూ నన్ను సలహా అడగని మనిషి.

ఆ ఇంటి ముందు, వెనక, పక్కన అంతా సాంచాలే, కరెంటు మగ్గాలు. వాటి చప్పుడులో దగ్గరికి జరిగితే తప్ప పక్కవాళ్ల మాట వినబడదు. మల్లేశం చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. తొంభై దాటాయి, చూపు మందగించింది, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఓనరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, బర్మాలో ఆస్పత్రి సంగతి మొదలుకొని ఏదీ దాచకుండా చెప్పారు. ఇంట్లోవాళ్లంతా చుట్టూ చేరారు. ముసలమ్మ కళ్లు మూసుకుని వింది.

"మిలిటరీ కాయితం అప్పుడే వచ్చింది బిడ్డా. మా అవ్వ పొయ్యిల పెట్టింది. నా కొడుకు ఉన్నడనుండ్రి అన్నది. ఆమె మాట తీసెయ్య నాకు చాతకాలే. ఒక్కటి చెప్పు. పాణం పోయేటప్పుడు మా అన్న పక్కన ఎవలన్న ఉన్నరా?"

"మా నాయిన ఉండె పెద్దమ్మా. తల ఒళ్లె పెట్టుకొని నీళ్లు తాగిపిచ్చిండు. మీ ఇంట్ల చెప్తనని మాటిచ్చిండు."

ముసలమ్మ ఓనరమ్మ ముఖాన్ని రెండు చేతులతో తడిమింది. "చెప్పిండు గద. నిన్ను తోలిండు గద" అంది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

తరవాత ఆ ఇల్లు పెళ్లిల్లయింది. ఎవరో పరుగున వెళ్లి బియ్యం, పప్పు, కూరగాయలు తెచ్చారు. పెత్తరమాస దాటిపోయిందని ఒకాయన అంటే, ఎనభై ఏండ్లు దాటంగ లేనిది వారానికేమైందని ముసలమ్మ కసిరింది. కూనపులి పెద్దమనిషిని వాకిట్లో కూర్చోబెట్టి అన్న పేరు పెద్దల్లో చదవమంది. చదివాక, ఈ బిడ్డ నాయిన పేరు కూడా చదవమంది. ఆయన ఇబ్బంది పడ్డాడు. కులం వేరు, గోత్రం వేరు, తాతల నుంచి అలా చదివింది లేదన్నాడు.

"మా అన్న తల ఒళ్లె పెట్టుకున్నోడు మా ఇంటోడు గాకుంటే ఇంకెవడు మా ఇంటోడు? సదువు" అంది ముసలమ్మ.

మనవడు లోపలికి వెళ్లి సాంచాలు ఆపేశాడు. పక్కింటివాళ్లు ఆపారు, ఆ వెనకవాళ్లు ఆపారు. వీధి మొత్తం నిశ్శబ్దమైంది. కూనపులి పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఆ ఇంటి గోత్రం పలికి, రాజయ్య కొడుకు మల్లేశం పేరు పలికి, ఆ వెంటనే మా ఓనరమ్మ తండ్రి పేరు పలికాడు. ఆ పేరు వీధి చివరిదాకా వినబడింది. ఓనరమ్మ చెంగు నడుముకు దోపుకుని, తలెత్తి, కారుతున్న కళ్లు తుడుచుకోకుండా నవ్వుతూ నిలబడ్డారు. ఇంకొక్కసారి చదవమని వేలు చూపించి అడిగారు.