పగటి నిద్రకు కాపలా

“రంగులు మారే బల్బే ముందు కొనమంటాది మా గుంట రోజారమణి. మీ బావ కళ్లు మూసుకుని పడుకుంటే రంగులెవలు సూత్తారు తమ్ముడా?”

పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కగదిలో ఆవిడ భర్త గురువులు నిద్రపోతున్నాడు. పోర్టులో క్రేను నడుపుతాడు. నైటు డ్యూటీ చేసొస్తే మధ్యాహ్నం రెండింటిదాకా పడుకోవాలి. వన్ టౌన్ సందులో అది అయ్యే పనా?

“కిందటి నెల కళ్లు మూతలు పడిపోతన్నాయని తనే క్రేను దిగిపోయాడంట. ఆ మాట ఇన్నాక, ఇంట్లోకి ఏటి కొన్నా ముందు ఆయన నిద్దర్ని అడిగే కొనాలనుకున్నాను.”

వాళ్లింట్లో కొత్తగా పెట్టిన స్మార్ట్ బెల్ చూద్దామని వెళ్లినవాణ్ణి నేను. ఆవిడ ముందుగా క్యాలెండరు వెనకవైపు చూపించింది. వారం రోజులపాటు ఆయన్ని లేపిన ప్రతి చప్పుడుకీ ఒక గీత. కాలింగ్ బెల్లుకి తొమ్మిది. ట్యాంకు నిండి పక్కింటి రేకుల మీద నీళ్లు పడినందుకు నాలుగు. కుక్కరు విజిలుకి ఐదు.

“కుక్కరుకి పైసా కర్సు లేదు, ఆయనొచ్చే లోపలే వండేత్తన్నాను. చీటీ డబ్బులు ఐదు వేలు. అందులో మూడు వేలు బెల్లుకి. ఇప్పుడెవరు నొక్కినా ఇంట్లో మోగదు, నా బొడ్లో ఫోను వణుకుతాది. మిగిలింది, ట్యాంకు నిండితే మోటారు ఆపేసే దానికి.”

అడుగున వేరే చేతిరాత కనిపించింది: ‘అమ్మ గొంతు, ఏడు.’

“ఇదెవరు రాశారక్కా?”

“మా రోజారమణి! కాలేజీకెళ్లి నేర్సుకున్న సదువిదీ!” అని గట్టిగా అనబోయి, నాలిక కరుచుకుని గది వైపు చూసింది. లోపల గురక ఆగలేదు. “సూసావా, ఎనిమిదోది పడలేదు.”

అంతలో సందు మొదట్లో మైకు మోగింది. అర్జునరావు కూరగాయల బండి. రికార్డు చేసిన గొంతు ఉల్లిపాయల ధర చెప్పుకుంటూ ఇటే వస్తోంది. పైడితల్లి మొహం మారిపోయింది. గబగబా సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఎల్లు తమ్ముడా, మన ఇల్లు దాటేదాకా ఆ మైకు ఆపించు. ఉత్తినే సెప్తే ఇనడు, అరకేజీ బెండకాయలు కొని సెప్పు. లేతవి సూడు!”