కున్నెయ్ ఇల్లు లేపిన వైనం

యాకూత్స్క్ పట్నం నుంచి తూర్పుకు పోయే పెద్దరోడ్డు పక్కన కున్నెయ్ పూటకూళ్లిల్లు ఉండేది. ఊళ్లో ఆవులు పితికే పని పోయాక పెట్టుకున్న కొట్టు అది. లారీల వాళ్లకు గుర్రం మాంసం పులుసు, పాలు పోసిన టీ, వేడివేడి అట్లు పెట్టేది. మొగుడు మిచిల్ కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, మిగిలిన సమయంలో సలహాలు చెప్పేవాడు.

రోడ్డు వెడల్పు చేసిన ఏడు ఇంటి ముందరి లార్చ్ చెట్లన్నీ నరికేశారు. వాటి కింద నేలను దుప్పటిలా కప్పి చల్లగా ఉంచే నాచునూ చెక్కేశారు. ఇంట్లోకి వెలుతురొచ్చిందని కున్నెయ్ సంతోషించింది. ఆ ఎండ నేలలోకి కూడా దిగి, తాతల నాటి నుంచీ అడుగున గడ్డకట్టి ఉన్న మంచును కరిగించసాగింది. రోడ్డు గట్టు వారన నీళ్లు నిలిచాయి. నీళ్లు నిలిచిన చోట మంచు మరింత కరిగింది. మరుసటి వేసవికి ఇల్లు రోడ్డు వైపు ఒరిగింది.

మిచిల్ జాకీ పెట్టి ఇంటిని లేపి, కింద దుంగలు దోపాడు. పై ఏడు అది వంటగది వైపు ఒరిగింది. పళ్లెంలో పులుసు ఒక పక్కకే చేరేది.

"అక్కా, సగం పళ్లెమే పోశావేంటి?" అన్నాడు సెమ్యోన్ అనే లారీ డ్రైవరు.

"మిట్ట వైపు కూర్చుని నన్నంటావేం? పల్లానికి జరుగు," అంది కున్నెయ్.

ఆ వేసవి చివర మాంసం దాచుకునే నేలమాళిగలోకి నీళ్లొచ్చాయి. నడివేసవిలోనూ గోడలకు మంచు పట్టి ఉండే మాళిగ. కున్నెయ్ తండ్రి గునపంతో తవ్వినది. తలుపు తీస్తే గుర్రం తొడ నీళ్లమీద తేలుతోంది. కున్నెయ్ దాన్ని కొక్కెంతో లాగి పైకి మోసుకొచ్చింది. దాన్ని గుమ్మంలో పడేసి మొగుడితో, "ఇల్లు లేపు," అంది.

"ఏటా లేపుతూనే ఉన్నాగా!"

"పైకి కాదయ్యా. అదిగో, ఆ మిట్ట మీదికి."

చలికాలంలో నేల రాయిలా బిగిశాక ఇంటి కింద దుంగల బండి అమర్చారు. సెమ్యోన్ మరో ఇద్దరు డ్రైవర్లను పోగుచేసుకుని వచ్చాడు. లారీలకు ఇనుప తాళ్లు కట్టి లాగబోతుండగా కిటికీలో కున్నెయ్ కనిపించింది.

"దిగవే! ఇల్లు కదుల్తోంది!" అని అరిచాడు మిచిల్.

"పొయ్యి మీద పులుసుంది. మెల్లిగా లాగమను."

మిట్ట మీద చెట్లూ నాచూ చెక్కుచెదరలేదు. ఎక్కి రావాలని డ్రైవర్లు సణిగారు. అయినా వచ్చారు.

మరుసటి ఎండాకాలమే పాతచోటు ముందర రోడ్డు కుంగింది. రోడ్డే జరపాలన్నారు పైవాళ్లు. రోడ్డు పని మేస్త్రీ గావ్రిల్ వచ్చి కున్నెయ్ గుమ్మం ముందు ఎర్రజెండాలు పాతాడు.

"సంతోషించమ్మా, రోడ్డే నీ వాకిట్లోకి వస్తోంది."

"మరి చెట్లు?"

"కొట్టేస్తాం. రోడ్డన్నాక తప్పుతుందా?"

కున్నెయ్ కోపం దిగమింగి, అతన్ని పాతచోటికి తీసుకెళ్లింది. అక్కడొక చెరువుంది.

"చెట్లు కొట్టకముందు ఇది మా భోజనాల గది. ఆ బాతు తిరుగుతున్న చోట పొయ్యి ఉండేది."

గావ్రిల్ బాతు వైపు చూశాడు. "ఎంత లోతుంటుందమ్మా?" అన్నాడు.

"దిగి చూడు. మునిగితే మిచిల్‌ని పిలుస్తాను. లేపడం అతనికి అలవాటే."

గావ్రిల్ దిగలేదు. పైవాళ్లతో వారం పాటు ఫోన్లో తగువులాడి జెండాలు పీకించి, అవతలగా పాతించాడు. ఇంటికీ రోడ్డుకూ నడుమ చెట్లు మిగిలాయి. గట్టును నాచు చెక్కకుండా, చలికాలంలోనే పోశారు. రోడ్డుకు అటుపక్క మాత్రం ఎవరూ వద్దనలేదు గనక చెట్లు కొట్టేశారు. అక్కడ ఇప్పటికే మోకాలిలోతు నీళ్లు నిలిచాయి.

"మన వైపు బాగానే ఉందిగా," అన్నాడు మిచిల్.

"నీళ్లకు మన వైపూ, వాళ్ల వైపూ తెలుసా?" అని, కున్నెయ్ డ్రైవర్లకు అట్లు వేయడానికి లోపలికి వెళ్లింది.