ఫ్రెమా పీట

ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి కుమాసీలో బట్టలు కుట్టే ఒఫోసువా మిషను మీద గుడ్డ కప్పేసి, కాల్చిన అరటికాయ, వేరుశనగ గుళ్లు రెండు పళ్లేల్లో పెట్టేది. పక్కింటి ఫ్రెమా ఆ వేళకే తన పీట చంకన పెట్టుకుని వచ్చేది. టీవీలో సీరియల్ వచ్చేది అరగంటే. అందులో ఒక బిడ్డకు తండ్రెవరని ఇద్దరి వాదులాట మాత్రం వారమంతా. "డ్రైవరే," అనేది ఫ్రెమా. "నీ మొహం, పాస్టరే," అనేది ఈవిడ. కథ సగంలో ఉండగా ఫ్రెమా పోయింది. చివరిసారి మరిచిపోయిన పీట ఇక్కడే ఉండిపోయింది. ఒఫోసువా సీరియల్ చూడటం మానేసింది.

ఏడాదికి మేనకోడలు బిరాగో సీరియల్ మొత్తం డీవీడీల్లో తెచ్చిచ్చింది. ఒఫోసువా ఫ్రెమా పీట వేసి, ఆగిన చోటినుంచి ఆదివారానికొక్క భాగమే చూసేది. "ఒక్కరోజులో అయిపోతుంది కదత్తా," అంటే, "అయిపోతే మేం వారమంతా దేనికి పోట్లాడుకోవాలే?" అనేది.

మొన్న అత్తాకోడళ్లిద్దరూ కలిసి ఆఖరి భాగం చూశారు. తండ్రి డ్రైవరే. బొమ్మ ఆగాక బిరాగో ఆ పీటను ఓ పక్కకు ఒరిగించి పెట్టబోయింది. ఖాళీ పీట వేసి ఉంచితే పోయినవాళ్లు వచ్చి కూర్చుంటారని మా దగ్గర అందరూ చేసే పనే అది. ఒఫోసువా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యవే. నేను ఓడిపోయానని దానికి చెప్పాలి."