ఉన్నాడుకీ లేడుకీ మధ్య నా పెళ్లి

కుదరబోయే పెళ్లిని చెడగొట్టాలంటే మామూలుగా దూరపు చుట్టమొకడు కావాలి, లేదా ఆకాశరామన్న ఉత్తరమైనా కావాలి. నేను మాత్రం నా పెళ్లిని ఎవరి సాయమూ లేకుండా, పట్టపగలు, నాచారంలో, నా సొంత తెలివితేటలతో చెడగొట్టుకోబోయాను. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

ముందు నా చదువు సంగతి. కాలేజీ నన్ను మధ్యలోనే వదిలేసింది, ఉప్పల్ గ్రంథాలయం మాత్రం వదల్లేదు. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెల కంపెనీలో ఉద్యోగం. షిఫ్టు దిగగానే గ్రంథాలయం. అక్కడ భారతీయ దర్శనాల మీద ఇటుకంత పుస్తకం ఒకటి ఉండేది. అందులో సగం నేను నమిలాను, తక్కిన సగం చెదలు నమిలాయి. ఆ సగానికే నాకెంత గర్వమంటే, బస్సులో పక్కవాడు "జర జరుగన్నా" అంటే, జరగడమనేది నిజమా భ్రమా అని ఆలోచిస్తూ జరగకుండా కూర్చునేవాణ్ణి.

స్వేచ్ఛ పరిచయమైందీ అక్కడే. ఆమె పోటీ పరీక్షలకు చదివేది. నేను ఆమెకు కనబడేలా చదివేవాణ్ణి. ఇద్దరికీ ఫలితం వచ్చింది. ఆమెకు ఉద్యోగం, నాకు ఆమె. ఇక మిగిలింది పెద్దవాళ్లు.

ఆమె తండ్రి వెంకటేశ్వర్లు గారు తెనాలి వైపు మనిషి. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా చేసి రిటైరయ్యారు. నికార్సైన నాస్తికుడు. ఆ పేరు తన తండ్రి చేసిన పొరపాటనీ, అందులో తన ప్రమేయం లేదనీ అడగకుండానే చెబుతారు. మా అమ్మది జనగామ వైపు. నాన్న పోయాక నన్ను పెంచింది అమ్మా, గుట్ట మీది నరసింహస్వామీ కలిసి. అమ్మ లెక్కలో ఆ పెంపకంలో స్వామి వాటానే ఎక్కువ.

వాళ్లిద్దరూ మొదటిసారి కలిసింది హబ్సిగూడలో, స్వేచ్ఛ వాళ్లింట్లో. ఉప్మా తిన్నంతసేపూ అంతా బాగుంది.

"మంత్రమొక్కటి వినబడినా నేను మంటపంలో అడుగు పెట్టనమ్మా," అన్నారాయన, ప్లేటు కింద పెడుతూ.

"మంత్రం లేకుండ తాళి గడితే అది పెండ్లా, ఫొటో దిగుడా?" అంది అమ్మ.

"అసలు దేవుడున్నాడని మీ దగ్గర రుజువేమిటి?"

"నా కొడుకే రుజువు. వీని తెలివికి వీడు గిన్నేండ్లు బతికిండంటే పైనుంచి ఎవరో ఒకరు సూస్తలేరా?"

వెంకటేశ్వర్లు గారు నన్ను ఎగాదిగా చూశారు. ఇన్నేళ్ల వాదనల్లో ఇంత గట్టి రుజువు ఆయనకు ఎదురైనట్టు లేదు. ఆ తర్వాత, "ఆలోచించుకుని చెబుతాం" అన్నారు. ఆ మాటకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటే అర్థం.

అప్పుడు వచ్చింది నాకు ఆ ఆలోచన. ఆ ఇటుక పుస్తకంలో జైనం గురించి చదివాను. లోకాన్ని సృష్టించినవాడు ఎవడూ లేడంటారు. కానీ గుళ్లున్నాయి, పూజలున్నాయి, ఉపవాసాలున్నాయి. చూశారా? మా అమ్మకు గుడి కావాలి. ఆయనకు దేవుడు ఉండకూడదు. దేవుడు లేని గుడికి ఇద్దర్నీ తీసుకెళితే, పోట్లాడుకోవాల్సిన పనేమీ లేదని వాళ్లకే తెలిసొస్తుంది! ఆ క్షణంలో నాకు చుట్టూ వెలుగు కనిపించింది. కరెంటు వచ్చిందేమోనని పైకి కూడా చూశాను.

నాగోల్ మెట్రో మెట్ల మీద స్వేచ్ఛకు చెప్పాను.

"రవీ, మా నాన్నకు పడనిది దేవుడొక్కడే కాదు. గంట పడదు, హారతి పడదు, చెప్పులు విప్పమంటే పడదు."

"అదంతా పూర్వపక్షం."

"ఏ పక్షమో నాకు తెలీదు. వాళ్లిద్దర్నీ మళ్లీ ఒకచోట చేర్చకు, నీకు దండం పెడతా."

"నువ్వు నిశ్చింతగా ఉండు. నా మీద వదిలెయ్."

"పెళ్లి కూడా నీ మీదే వదిలేశాగా. అదే నా భయం."

పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టని సామెత. నేను తత్వశాస్త్రాన్ని పెట్టుకున్నాను. పిల్లే నయం, దారిలో దూకి పారిపోతుంది.

మేం అద్దెకుండే ఇంటి కింద బాబూలాల్ సేఠ్ గారి హార్డ్‌వేర్ షాపు. రాజస్థాన్ నుంచి వాళ్ల తాతల కాలంలో వచ్చారు, మనలాగే తెలుగు మాట్లాడతారు, జైనులు. "మీ మందిర్ చూపిస్తారా?" అంటే, "ఆదివారం తీస్కరా రవి భాయ్, మందిర్ అందరిది," అన్నారు సంతోషంగా. ఎందుకు చూడాలనుకుంటున్నానో ఆయనకు చెప్పలేదు. వెంకటేశ్వర్లు గారికి 'దేవుడు లేని చోటు' అని చెప్పాను, అమ్మకు 'గుడి' అని చెప్పాను. రెండూ నిజాలే. రెండు నిజాలు కలిస్తే ఎంత పెద్ద అబద్ధమవుతుందో ఆ పుస్తకంలో చెదలు తిన్న భాగంలో ఉండి ఉంటుంది.

ఆదివారం ఉదయం అందరం నాచారంలో మందిరం ముందు చేరాం. తెల్లటి పాలరాయి, అద్దంలా మెరుస్తోంది. అమ్మ పట్టుచీరతో, బుట్టతో వచ్చింది. వెంకటేశ్వర్లు గారు కోర్టుకు సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పక్కన స్వేచ్ఛ, పరీక్ష ఫలితాల రోజు ముఖంతో. సేఠ్ గారు నుదుట కేసరి బొట్టుతో, చిరునవ్వుతో ఎదురొచ్చారు.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, ఈయన బాబూలాల్ సేఠ్ గారు. ఈయనా మీలాగే. దేవుణ్ణి నమ్మరు."

సేఠ్ గారి చిరునవ్వు ఠక్కున ఆగిపోయింది. "అరే రవి భాయ్! ఎవరు చెప్పిండ్రు నీకు? పొద్దుగాల పూజ కాంది మంచినీళ్లు గూడ ముట్టను నేను!"

"పూజ ఎవరికండీ?" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"భగవాన్‌కి."

"భగవాన్ అంటే దేవుడేగా!"

"దేవుడే. గని మీరనుకునే దేవుడు కాదు. లోకాన్ని ఈయన చెయ్యలే, నడిపిస్తలేడు."

వెంకటేశ్వర్లు గారి చేతులు వాటంతటవే విడివడ్డాయి. "చెయ్యలేదా? నేను ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది అదేనండీ!" అంటూ సేఠ్ గారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను స్వేచ్ఛ వైపు గర్వంగా చూశాను. ఆమె నా వైపు చూడలేదు, మా అమ్మ వైపు చూస్తోంది.

"గట్లయితే లోకం ఎవరు జేసిండ్రు?" అంది అమ్మ.

"ఎవ్వరు చెయ్యలే అమ్మా. ఎప్పటినుంచో ఉన్నది, నడుస్తనే ఉన్నది."

"తిప్పే మనిషి లేకుంటే మా గల్లీల నల్లానే నడువది. లోకం నడుస్తదా?"

ఈ ప్రశ్న ఏ దర్శనంలోదో నేను గుర్తు చేసుకునేలోపు "ఫట్" మని చప్పుడు. అమ్మ బుట్టలోంచి కొబ్బరికాయ తీసి పాలరాతి గడప మీద కొట్టేసింది. నీళ్లు చిమ్మాయి. తెల్ల బట్టల ఆడవాళ్లు ఇద్దరు పరుగున వచ్చి, అక్కడేమైనా చీమలు ఉన్నాయేమోనని చూసుకుని మరీ, నెమ్మదిగా తుడవసాగారు.

"అమ్మా, ఇక్కడ కాయ కొట్టరు. ఉన్నది ఉన్నట్టు పెడ్తరు," అన్నారు సేఠ్ గారు.

"పెడితే స్వామికి ఎట్ల తెలుస్తది?"

"ఆయనకు అన్నీ తెలుసమ్మా. గని ఏం చెయ్యడు. మోక్షానికి పోయిండు. ఒకరి మీద ప్రేమ లేదు, ఒకరి మీద కోపం లేదు."

"నా కొడుకు పెండ్లి గావాలెనని మొక్కుకుంట."

"మొక్కినా ఇయ్యడమ్మా."

"ఆస్తి అడుగుతున్ననా? పెండ్లే గద!"

"ఏదీ ఇయ్యడు."

అమ్మ ముఖం చూడాలి. ఆధార్ కార్డు తెచ్చాక కూడా రేషన్ లేదంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. "అడిగేటందుకు లేనప్పుడు మీరు దినాం ఎందుకొస్తున్రయ్యా?"

"అద్దం ముందట ఎందుకు నిలబడతం అమ్మా? అద్దం ఏమన్న ఇస్తదా? ఆయన్ని సూసి మనని దిద్దుకుంటందుకు వస్తం."

వెంకటేశ్వర్లు గారు కూడా తలాడించారు. అమ్మ సైతం ఒకసారి ఆ విగ్రహం వైపు కొత్తగా చూసింది. అక్కడితో అందర్నీ బయటకు తోలుకొచ్చి ఉంటే నేను ఈ జ్ఞాపకం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

కానీ అమ్మ కళ్లు పక్క గూటి మీద పడ్డాయి. అక్కడ సిందూరం పూసిన విగ్రహం, ముందు వరసగా కొబ్బరికాయలు, కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్న మనుషులు.

"గాడ అడుగుతున్రు గద!"

"ఆయన భైరవ్‌జీ. మందిర్‌కు రక్షణ. ఆయన్ని అడగొచ్చు."

"పెద్దాయన వినడు, ఈయన వింటడా?"

"పెద్దాయన మోక్షానికి పోయిండు, అందుకే పట్టించుకోడు. ఈయన ఇంక పోలే, అందుకే పట్టించుకుంటడు."

వెంకటేశ్వర్లు గారు సేఠ్ గారి చేతిలోంచి తన చేతిని వెనక్కి లాక్కున్నారు. "ఏమండీ, దేవుడు లేడన్నారు!"

"లోకం చేసినోడు లేడన్న సార్. దేవతలు లేరని ఎప్పుడన్న?"

"ఉన్నారా?"

"ఉన్నరు. స్వర్గంల."

"స్వర్గం కూడానా!"

"నరకం గూడ ఉన్నది."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, ఒక్క దేవుడూ లేని చోటని తీసుకొచ్చి, పూర్తి సిబ్బందిని చూపిస్తున్నావే!"

"నాకు మాత్రం ఏం దొరికింది?" అంది అమ్మ అటునుంచి. "ఉన్నాయన ఇయ్యడట, ఇచ్చేటాయన కాపలాకు నిలబడ్డడట. ఏందిరా ఇది? ఉన్నడా, లేడా?"

సేఠ్ గారు తల పట్టుకున్నారు. "నేను నాస్తికుణ్ణా కాదా? నాకే డౌట్ పెట్టినవ్ గద రవి భాయ్!"

అప్పుడైనా నేను నోరు మూసుకోవాలా వద్దా? పాఠకుల సమాధానం నాకు వినిపిస్తోంది. కానీ ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన అధ్యాయం ఇంకా మిగిలే ఉంది. చెయ్యి పైకెత్తాను.

"గొడవే లేదు. జైనులు ఏ విషయాన్నైనా ఒకే వైపు నుంచి చూడరు. ఒక విధంగా ఉన్నాడు. ఒక విధంగా లేడు. ఒక విధంగా ఉన్నాడు, లేడు కూడా. ఒక విధంగా అది చెప్పడానికే వీలు కాదు."

"అట్లనా?" అంది అమ్మ.

"అట్ల కాదు," అన్నారు సేఠ్ గారు.

వెంకటేశ్వర్లు గారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "అదంతా పక్కన పెట్టు బాబూ. ఒక్క మాటలో చెప్పు. మా అమ్మాయిని పెళ్లి చేసుకుంటావా, చేసుకోవా?"

నా నాలుక అప్పటికే ఆ పుస్తకం వాలులో దొర్లుతోంది. బ్రేకు పడలేదు.

"ఒక విధంగా చేసుకుంటాను సార్. ఒక విధంగా..."

మందిరంలో గంట మోగడం కూడా ఆగిపోయింది. స్వేచ్ఛ కళ్లు మూసుకుంది. ఆ క్షణాన అక్కడున్న వాళ్లందరిలోకీ మోక్షం అత్యవసరంగా కావలసింది నాకే.

"శని మీద నాకు నమ్మకం లేదు," అన్నారు వెంకటేశ్వర్లు గారు నెమ్మదిగా. "కానీ అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని మా అమ్మ ఎందుకనేదో ఇవాళ అర్థమైంది."

విసవిసా బయటికి నడిచారు. అమ్మ కూడా బుట్ట తీసుకుని ఆయన వెనకే పోయింది. రోడ్డు అవతల చెరకురసం బండి దగ్గర ఇద్దరూ ఆగారు. అంతే, నా పెళ్లి రోడ్డు దాటిపోయిందనుకున్నాను. నేను ఆటోల మధ్యలోంచి దాటి, బండి చాటున నక్కి చెవి పెట్టాను.

"మీరే నయం అన్నయ్యా," అంటోంది అమ్మ. "లేడంటే లేడంటరు. మనిషికి ఒక మాట ఉన్నది."

"మీరే నయమమ్మా. మీకు ఉన్నాడంటే ఉన్నాడు. తేల్చి చెబుతారు."

"ఆ సేఠ్ గూడ మంచోడే. అడిగితే సక్కగ చెప్పిండు."

"అవును, ఆయన మాట మీద ఆయన నిలబడ్డాడు. అడ్డదిడ్డంగా మాట్లాడిందల్లా ఒక్కడే."

"వాణ్ణి ఒక్కణ్ణి వదిలిపెడితే ఆగమైతడు అన్నయ్యా. మీ పిల్లనే దిక్కు."

"మా అమ్మాయేమో వీణ్ణే ఇష్టపడుతోంది, ఏం చేస్తాం! మనమిద్దరం పట్టుకుంటే గానీ వీడు నిలబడడు."

ఇంకో గ్లాసు చెరకురసం పూర్తయ్యేలోగా అంతా తేలిపోయింది. పొద్దున రిజిస్టర్ పెళ్లి, మంత్రం లేకుండా. మధ్యాహ్నం గుట్టకు అమ్మ మొక్కు, ఆయన రాకుండా. సాయంత్రం విందు, చీకటి పడితే ఏమీ తినని సేఠ్ గారి కోసం పొద్దు గుంకకముందే. ఇద్దరికీ కలిపి ఉమ్మడి షరతు ఒకటే. పెళ్లయ్యేదాకా వరుడు ఏ విషయం మీదా నోరు తెరవకూడదు. ఆస్తికురాలు, నాస్తికుడు ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఇదొక్కటేనేమో!

షరతు పాటించాను. రిజిస్ట్రారు "అంగీకారమేనా?" అంటే తల మాత్రం ఊపాను. ఎందుకైనా మంచిదని స్వేచ్ఛ నా గడ్డం పట్టుకుని మరోసారి ఊపింది.

అందుచేత ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరి నమ్మకాన్నీ మధ్యవర్తిగా కూర్చోబెట్టి మరో ఇద్దరి నమ్మకాలను కలపబోను. సగం చదివిన మతం గురించి పూర్తిగా మాట్లాడను. ఒట్టు. అయితే ఎవరి మీద ఒట్టు? దేవుడి మీద వేస్తే మామగారు ఒప్పుకోరు. సైన్సు మీద వేస్తే అమ్మ ఒప్పుకోదు. మందిరంలోని తీర్థంకరుడి మీద వేద్దామంటే, "ఒట్టు నిలబెట్టుకో భాయ్, ఆయన్ని ఇందులోకి లాగకు," అన్నారు సేఠ్ గారు.

ఇదంతా విని స్వేచ్ఛ అంది కదా:

"నీ మీదే వేసుకో. నువ్వున్నావన్న విషయం మన రెండిళ్లలో అందరూ ఒప్పుకుంటారు. నీకు బుర్ర ఉందా లేదా అన్నదాని మీదే భేదాభిప్రాయం."