రక్తం బాగుందన్న కబురు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, విజయనగరంలో బయోకెమిస్ట్రీ విభాగాధిపతిగా ఉన్న నన్ను ఒక పరిశోధనకు వేశారు. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద ధమని కొందరిలో గోడ బలహీనపడి ఉబ్బుతుంది. చాలామందికి నొప్పి కూడా ఉండదు. పగిలితే మనిషి దక్కడం కష్టం. ఆ ఉబ్బును రక్తంలోని ప్రోటీన్లతో ముందే పట్టగలమా అన్నది ప్రశ్న. పొగతాగే అలవాటున్న పెద్దవాళ్ల రక్తం తీసి, సరిచూడటానికి పొట్ట స్కానింగు కూడా చేసేవాళ్లం. పేర్లకు బదులు నంబర్లు. స్కానింగు ఫలితం అధ్యయనం ముగిసేదాకా ఎవరికీ చెప్పకూడదని మా ప్రధాన పరిశోధకుడి షరతు.

రెండు ఫలితాలనూ జతపరిచే పని నాది. ఒక నంబరుకు రక్తం మామూలుగా ఉంది. స్కానింగులో మాత్రం రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండాల్సిన ధమని ఆరు దాటింది. అది ఆపరేషన్ చేయాల్సిన కొలత. ప్రధాన పరిశోధకుడికి చెప్పాను. నంబరు వెనకున్న పేరు విప్పితే అధ్యయనం చెడుతుంది, ముగిసేదాకా ఆగమన్నారు. ఆ మనిషి అప్పటిదాకా ఆగుతాడా అని అడిగాను. ఆవేశపడొద్దు మేడమ్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

నేనే నంబరు విప్పించి మర్నాడు గరివిడి వెళ్లాను. ఆ నంబరు మనిషి, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన అప్పలనాయుడు, చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన ఆముదం గిన్నెతో ఒక ముసలావిడ. బొడ్డు దగ్గర నాడి గట్టిగా కొట్టుకుంటే మావైపు బొడ్డు జారిందంటారు. నూనె రాసి, బలంగా నొక్కి, దాన్ని చోటుకు తెస్తారు. ఇక్కడ కొట్టుకుంటున్నది ఉబ్బిన ధమని. చెయ్యి తియ్యమని అరిచాను.

"ఏటమ్మా, అలాగరుస్తావు? రత్తం బాగున్నాదని మీవోళ్లే ఫోన్ సేసి సెప్పినారు గదా. అందుకే బొడ్డు జారిందనుకున్నాను," అన్నాడు నాయుడు.

స్కానింగు దాచి, ఇంకా రుజువు కాని రక్తపరీక్షను అభయంలా చేతిలో పెట్టారన్నమాట.

విశాఖలో అతనికి ఆపరేషన్ అయింది, బతికాడు. నన్ను పరిశోధన నుంచి తప్పించారు. నిబంధన మీరి విప్పారంటూ అతని నంబరునూ కొట్టేశారు. రక్తపరీక్ష పట్టలేకపోయిన మనిషి లెక్కలోనే లేడు కాబట్టి, పరీక్ష బాగా పనిచేసినట్టు తేలింది.

రక్తంలో గుర్తు కనబడకపోతే జబ్బు లేదని కాదు. ఇలాంటి అధ్యయనం ఎవరు చూపించినా నేను ముందు అడిగేది ఒక్కటే, ఇందులోంచి ఎవరిని తీసేశారని.