చేపల తొట్టి దీపానికి రంగు కాగితం

తడి ఇసుక, పాచి, పొడి మేత కలిసిన వాసన ఒకటుంటుంది, రంగు చేపలు అమ్మే దుకాణాల్లో తప్ప ఇంకెక్కడా రాదు. మొన్న శనివారం మా అమ్మాయి పట్టుబట్టి నన్ను సికింద్రాబాద్‌లో అలాంటి దుకాణానికి లాక్కెళ్ళింది. రెండడుగుల తొట్టి, అందులో నాలుగు నీటి మొక్కలు, వాటికి చవకలో ఒక లైటు, అంతే మాకు కావలసింది. కొట్టతను సన్నటి లైటు ఒకటి తీసి మీట నొక్కితే అది తెల్లగా వెలిగి, నీలమై, చివరికి ఊదారంగులోకి తిరిగింది. "మమ్మీ, ఇదే కావాలి!" అని పిల్ల ఎగిరింది. ఆ రంగు నాకు తెలుసు. పన్నెండేళ్ళ వయసులో దాన్ని నా చేతులతో నేనే తయారుచేశాను.

అప్పట్లో మేం సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె పోర్షన్‌లో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే ఆఫీసుకి పొద్దున పోతే మళ్ళీ భోజనాల వేళకే రావడం కాబట్టి నా బాల్యమంతా అమ్మతోనూ, నాన్న తండ్రి అయిన తాతయ్యతోనూ గడిచింది. తాతయ్య గుంటూరు వైపు మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరై మా దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో నాలుగు లవంగాలు, అబద్ధమాడిన పిల్లలను ఇట్టే పట్టేసే చూపు ఆయన ఆస్తి. ఆ చూపులో సగం అప్పటికే పోయింది. నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, చేసి, ఆపరేషను చేయించినా ఒక కన్ను దక్కలేదు. రెండో కంటికి రెండు పూటలా చుక్కల మందు వేసుకునేవాడు. దీపం చుట్టూ రంగులు కనబడితే మాత్రం జబ్బు ముదిరినట్టేననీ, ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మనీ డాక్టరు చెప్పి పంపాడు.

ఆ మిగిలిన కంటితోనే ప్రతి ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివేవాడు. శనివారం నుంచే ఇంట్లో హడావుడి. వసారాలో ఎండ పడేచోట పేము కుర్చీ వేయించుకుని, అదే భాగాన్ని మూడుసార్లు గొంతెత్తి చదివితే, పక్క పోర్షన్ వాళ్ళు కూడా పప్పు ఏరుకుంటూ వినేవాళ్ళు. ఎక్కడైనా మాట తడబడితే మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఊరూ ఉద్యోగమూ పోయాక ఆయనకు మిగిలిన పెద్దరికం అదొక్కటే.

చేపల తొట్టి ఆయన నా పుట్టినరోజుకి కొన్నదే గానీ పెత్తనమంతా ఆయనదే. మూడు నల్ల చేపలు, మూడు నారింజరంగువి, వెనక రిబ్బన్లలా పొడుగాటి నీటిగడ్డి, పైన రేకు మూతలో చిన్న ట్యూబులైటు. సాయంత్రం ఆరింటికి లైటు వేయించి, ఎదురుగా కూర్చుని హాజరు పట్టీ పిలిచినట్టు ఒక్కొక్కదాన్నే లెక్కపెట్టేవాడు. "ఆరు. అందరూ ప్రెజెంట్" అంటే ఆ రోజుకి ఆయన కన్ను పాసైనట్టు.

డిసెంబరు వచ్చిందంటే మా ఇల్లు గులాబీపువ్వుల పిండివంట నూనెవాసనతో, కజ్జికాయల్లో కొబ్బరితో, పలచటి మంచులో బొగ్గుల కుంపటి పొగతో నిండిపోయేది. నాన్న వెదురుపుల్లలు చీరి క్రిస్మస్ స్టార్ కట్టేవాడు. దాని మీద అంటించే ఎర్ర, నీలం జిలెటిన్ కాగితాలను అమ్మ పండగయ్యాక మడతలు చెడకుండా ఊడదీసి, మరుసటి ఏటికి ట్రంకుపెట్టెలో దాచేది. ఆ పెట్టె ముట్టుకుంటే వీపు విమానం మోతే.

ఆ జనవరిలో తొట్టిలో గడ్డి పాలిపోయి, మొదళ్ళు కుళ్ళడం మొదలైంది. సరిగ్గా అప్పుడే బడిలో సైన్సు టీచరు, ఆకులు ఎరుపు, నీలం వెలుతురును ఎక్కువగా తీసుకుని పచ్చదనాన్ని తిప్పికొడతాయని చెప్పింది. ఆవిడ చెప్పింది ఒక ముక్కయితే నేను అల్లుకున్నది నాలుగు ముక్కలు: లైటుకి ఎర్ర, నీలం కాగితాలు చుడితే గడ్డి మళ్ళీ పచ్చబడుతుందనుకున్నాను. బడి నుంచి రాగానే, అమ్మ నీళ్ళకి పోయిన సమయంలో పెట్టె తెరిచి కాగితాలు తీసి, ట్యూబులైటు చుట్టూ దారంతో కట్టేశాను. కాగితం వెలుతురును పెంచదు, ఉన్నదాన్ని మింగుతుందని ఆ వయసులో నాకేం తెలుసు? తొట్టంతా ఊదారంగు చీకటి కమ్మింది. నాకు మాత్రం నేనో శాస్త్రవేత్తనైనట్టు ఉంది. కాగితాలు రేకు మూత లోపల దాగాయి, ఆ వేళకి అమ్మ వంటింట్లో ఉండేది, నాన్న వచ్చేసరికి లైటు తీసేసేవాళ్ళం, కాబట్టి ఆ రంగు తాతయ్యకి తప్ప ఇంకెవరి కంటా పడలేదు.

తాతయ్య ఆరింటికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. "మూడు" అన్నాడు మెల్లగా. మర్నాడు "రెండు" అన్నాడు. ఆ తరువాత లెక్కపెట్టడం మానేశాడు. ఆ ఆదివారం చర్చిలో పాఠం ఇంకెవరో చదివారు. ఇంటికొచ్చాక అమ్మ నిలదీసింది.

"ఏమైంది మామయ్యా? ఒంట్లో బాగలేదా?"

"లైటు చుట్టూ రంగులొస్తున్నాయమ్మా. ఇంక నా వంతు అయిపోయింది."

"అయ్యో, గట్లంటే ఎట్ల? రేపే దవాఖానకు పోదాం, నడువుండ్రి."

"ఒక కన్ను కోయించుకున్నా, చాలదూ? దీన్నన్నా నాకు వదిలెయ్యండి."

నేను తలుపు పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. "తాతయ్యా, అవి నేను కట్టిన కాగితాలు" అంటే అయిపోయేది. ట్రంకుపెట్టె గుర్తొచ్చింది, అమ్మ చెయ్యి గుర్తొచ్చింది, తలుపు వెనక్కి తప్పుకున్నాను. మర్నాడు కాగితాలు విప్పేసి, "తాతయ్యా, రండి, లెక్కపెట్టండి" అని చెయ్యి పట్టుకు లాగాను. ఆయన కళ్ళు మూసుకునే "ఆరే ఉంటాయిలే బుజ్జీ" అన్నాడు. పోయే కంటికి మందెందుకని చుక్కలు కూడా మానేశాడు. అమ్మ బతిమాలింది, నాన్న కేకలేశాడు, ఆయన మొండితనం ముందు ఎవరి మాటా సాగలేదు. ఏడాది తిరక్కుండా ఆ కన్ను నిజంగానే పోయింది.

"మేడమ్, గా కలర్ షోకు కోసం. చెట్లకు తెల్లదే సరిపోతది" అన్నాడు కొట్టతను, నా మొహం చూసి రేటు గురించి ఆలోచిస్తున్నాననుకుని. "సస్తాల కావాలంటే ఇంట్ల వాడే తెల్ల ఎల్ఈడీ బల్బు సుత నడుస్తది. ఏడెనిమిది గంటలు వెయ్యిండ్రి, ఎక్కువేస్తే పాచి పడతది." పూర్వపు ట్యూబులైట్ల సంగతేమిటని అడిగాను. అవి పాతబడితే కంటికి వెలిగినట్టే ఉంటాయిగానీ మొక్కలకి చాలవనీ, ట్యూబు మారిస్తే సరిపోయేదనీ చెప్పాడు. తెల్లదే కొన్నాను.

మేముండే పోర్షన్ ఇప్పుడు లేదు, అక్కడ నాలుగంతస్తులు లేచాయి. స్టార్లు ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, ఎవరూ కాగితం దాచుకోరు. శనివారం వసారాలో పాఠం చదివే గొంతు ఆ వీధిలో ఎవరికీ గుర్తుండదు. అమ్మ మాత్రం నా దగ్గరే ఉంది. ప్రతి ఏటా తాతయ్య జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యాక, ఆయన్ని జబర్దస్తీగా దవాఖానకు తీసుకుపోనిది తనేననీ, కోడలిగా తన తప్పేననీ కళ్ళు తుడుచుకుంటుంది. నేను వింటూ కాఫీ కలుపుతాను.

మొన్న ఆ లైటు కొన్న రోజు ఇంటికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను.

"అప్పుడంటే చిన్నపిల్లవు, భయపడ్డవు" అంది అమ్మ. "పెద్దయినంక ఎందుకు చెప్పలే? ఇన్నేండ్లు నేను ఏడుస్తుంటే చూసుకుంట కూసున్నవా?"

నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.