తిరిగి చెప్పాకే తరువాతి ముక్క

మార్గశిర శుద్ధ పంచమి, గురువారం
మార్కాపురం

మా కోడలు, మా మనవరాలి తల్లి, గత వారం సోమవారం చనిపోయింది.

ఈ వాక్యం రాసి, తప్పు రాశానేమోనని మళ్లీ చదివాను. తప్పు లేదు. ఆమెది పోయే వయసు కాదు. జబ్బు లేదు. పొద్దున ఫ్యాక్టరీకి వెళుతూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "అత్తా, రోలు నువ్వు ముట్టుకోవద్దు. పచ్చడి నేనొచ్చి నూరతా" అంది. ఫ్యాక్టరీలో మిషన్ల ముందు పని చేస్తూ, తల పోటుగా ఉందని కుర్చీలో కూర్చుందట. ఇక్కడి ఆసుపత్రిలో చూసి ఒంగోలు తీసుకుపొమ్మన్నారు. దారిలో కారు పొదిలి చేరకముందే అంతా అయిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. అయినా ఎవరి గురించి చెబుతున్నారో అర్థం కాలేదు.

రేపు పెద్దకర్మ. వచ్చే బంధువులకూ, మా పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకూ ఈ కాగితం పంచుతాం. ఆమెది ఏదో కంప్యూటర్ పని అని మీలో చాలామంది అనుకుంటారు. అది కాదు. శనివారం మిషన్ తిప్పాలని మావాళ్ల తొందర. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. దుకాణానికి ఫోన్‌లో సరుకులు రాయించేటప్పుడు నేను ఒక్కొక్కటే చెబుతాను. అవతల రాసుకునేవాడు దాన్ని తిరిగి చెప్పాలి. అప్పుడే తరువాతిది చెబుతాను. "ఊ, ఊ" అంటే ఒప్పుకోను. ఆఖరున మొత్తం ఒకసారి చదివించి, సరిపోయాకే తూకం వెయ్యమంటాను. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె ఇది చూసి నవ్వింది. కోపం వచ్చి, "ఏందమ్మాయ్, నవ్వు?" అన్నాను.

"నిన్ను కాదత్తా. కాలేజీలో ఒక సంవత్సరం చెప్పినారు మాకు ఇది. నువ్వు పప్పు, ఉప్పుతో చెప్పేసినావు."

పోయిన మంగళవారం దినాలకు సరుకులు రాయించాను. అలవాటుగా ఒక్కొక్కటే చెబుతున్నాను, దుకాణం అబ్బాయి తిరిగి చెబుతున్నాడు. "నువ్వులు" అన్నాను. "నువ్వులు, పెద్దమ్మా" అన్నాడు. అతని నోటి నుంచి తిరిగి వచ్చాకే, అవి ఎవరికోసమో నాకు తెలిసింది. "వద్దు, కొట్టెయ్యి" అన్నాను. "రాసుకున్నాను పెద్దమ్మా, ఉండనియ్యి" అన్నాడు.

ఇక ఆమె పని. మా దగ్గర రాయి కోసే మిషన్ ఒకటి, పాలిష్ పట్టేది ఒకటి. ఒక్కోదాన్ని నడిపించే పెట్టె ఒక్కోటి ఉంటుంది, దాన్ని కంట్రోలర్ అంటారు. రెండింటినీ కలిపే తీగ పేరు ఫీల్డ్‌బస్. ఏ రాయి ఎంత మందం, ఎంత పొడవు, ఏ వరసలో వస్తుందో కోత మిషన్ పాలిష్ మిషన్‌కు చెప్పాలి. అది పెద్ద పట్టిక. తీగేమో ఒక్కో విడతకు గుప్పెడు అంకెలే మోస్తుంది. అందుకని పట్టికను ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఒక నంబరు వేసి పంపాలి. అవతలిది ఆ ముక్కను పక్కన దాచుకొని, అదే నంబరు తిరిగి చెప్పాలి. అప్పుడే తరువాతి ముక్క. అన్నీ చేరాక రెండు వైపులా మొత్తాలు సరిచూసుకొని, అప్పుడు గాని కొత్త పట్టిక వాడకూడదు. అందాకా పాతదే.

మొదట్లో ఆమె కూడా ఒకచోట పొరబడింది. ముక్కను పూర్తిగా రాసుకోకముందే పాలిష్ మిషన్ నంబరు తిరిగి చెప్పేసేది. ఇవతలి కోత మిషన్ అది చేరిందనుకొని తరువాతిది పంపేది. కొత్త పట్టిక సగం, పాతది సగం కలిసిపోయి, పలుచని రాయి అనుకొని పాలిష్ చక్రం మందపు రాయి మీదికి దిగింది. రాయి పగిలి, ఒక పెచ్చు మేస్త్రి చెవి పక్కనుంచి పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి, కనుబొమల మీద పలక దుమ్ము కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చుంది.

"అత్తా, నువ్వు 'ఊ' అన్నోళ్లకు సరుకు రాయించవు గదా. నేను మిషన్‌కు 'ఊ' అనడం నేర్పిచ్చినా."

దాన్ని సరిచేశాక, పట్టిక సరిపోలకపోతే మిషన్ కదలనే కదలని కట్టుదిట్టం ఒకటి పెట్టింది. మేస్త్రి ఎగతాళి చేసేవాడు. "రెండిటినీ మాట్లాడిచ్చినావు గదా చెల్లెమ్మా, ఇంకేంది?"

"మాట్లాడుకుంటే చాలదన్నా, ఇనాల. నువ్వూ వదినా రోజూ మాట్లాడుకోరా ఏంది?"

అందరికంటే గట్టిగా మేస్త్రే నవ్వేవాడట.

నిన్న ఆ మేస్త్రీ, మా అబ్బాయీ నా దగ్గరికి వచ్చారు. ఆ సోమవారం ఆమె కొత్త పట్టిక పంపుతూ ఉండగానే కూర్చుండిపోయింది. పని సగంలో ఆగింది. మిషన్ కదలడం లేదు.

"లారీ ఆయన రోజూ ఫోన్ చేస్తుండాడు పెద్దమ్మా. ఆ సరిచూసుకునేది ఒక్కటి తీసేస్తే ఇప్పుడే తిరుగుద్ది" అన్నాడు మేస్త్రి.

"నీ చెవి పక్కన పోయిన పెచ్చు గుర్తుందా?"

అతని చెయ్యి చెవి మీదికి పోయింది. "ఉండాది."

"మరి?"

మా అబ్బాయి అందుకున్నాడు. "మరేం చేయమంటావమ్మా? ఆమె పోయింది గదా! ఎవరు పూర్తి చేస్తారు?"

వాడి నోట 'పోయింది' అన్న మాట రావడం అదే మొదలు. అన్నాక వాడే బిత్తరపోయి నా వైపు చూశాడు. మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ, "తియ్యను లేమ్మా" అన్నాడు.

ఆమెతో కలిసి చదువుకున్న గిద్దలూరు అమ్మాయి ఇదే పని చేస్తుంది. నేనే ఫోన్ చేశాను. అన్నీ అడిగి, "ఆమె చేసినదాంట్లో ఏదీ చెడిపోలేదు పెద్దమ్మా. వచ్చిన ముక్కలు వచ్చినట్టే పక్కన ఉండాయి. ఆగింది, అంతే" అంది. "ఆగింది, అంతే" అని నేను తిరిగి చెప్పాను.

ఇక జరగవలసినవి:

1. గిద్దలూరు అమ్మాయి శనివారం వస్తుంది. అందాకా కంట్రోలర్ పెట్టెలు ఎవరూ తెరవకూడదు. తాళాలు నా దగ్గర ఉన్నాయి.

2. లారీ ఆయనతో సరుకు ఆలస్యమని మా అబ్బాయే చెప్పాలి. కారణం కూడా చెప్పాలి. ఆ మాట పలకడం వాడికి అలవాటు కావాలి.

3. ఆమె పెట్టిన కట్టుదిట్టాన్ని ఇప్పుడు గాని, నా తరువాత గాని ఎవరూ తీయకూడదు.

4. కొత్త పట్టిక చేరాక మొదట పనికిరాని రాయి పెట్టి చూడాలి. అప్పుడు మిషన్ దగ్గర ఎవరూ నిలబడకూడదు.

5. ఆగిన చోటి నుంచి పంపితే కుదరదట. చేరిన ముక్కలన్నీ చెరిపేసి, మళ్లీ మొదటి ముక్క నుంచి పంపాలట. పాలిష్ మిషన్ తెర మీద, పనివాళ్లకు అర్థం కావాలని ఆమె తెలుగులో పెట్టించిన మాట ఆ సోమవారం నుంచీ వెలుగుతూనే ఉంది: "తరువాతి ముక్క కోసం చూస్తున్నాను." చెరిపే బటన్ నొక్కితే అది పోతుంది. నేను నొక్కుతాను. నన్నెవరూ తొందరపెట్టవద్దు.